చెలామణి నాణేల టైప్ సెట్‌లో ఏవి ఉంచాలి, ఏవి వదలాలి?

పావలాపెట్టె అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారు దాచిన రేకు పెట్టె ఒకటి గత వేసవిలో నా చేతికి వచ్చింది. 1950 నాటి కాణీ మొదలుకొని మొన్న మొన్నటి ఇరవై రూపాయల నాణెం దాకా అందులో ఏడెనిమిది వందల నాణేలు కలగాపులగంగా ఉన్నాయి. ఏ సంవత్సరం, ఏ టంకశాల అన్న పట్టింపు నాన్నగారికి ఉండేది కాదు. చిల్లరలో కంటికి కొత్తగా కనిపించినది ఏదైనా సరే పెట్టెలో వేసేవారు. ఆ పెట్టెకు ఒక రూపం ఇవ్వాలని నాకు చాలా కోరికగా ఉంది. సంవత్సరాల వారీగా, టంకశాలల వారీగా సేకరించేంత చోటు, ఓపిక నాకు లేవు కాబట్టి, స్వతంత్ర భారతదేశపు చెలామణి నాణేలలో ఒక్కో రకానికి ఒక్కొక్కటి చొప్పున ఉంచి టైప్ సెట్ తయారు చేయాలని నిర్ణయించుకున్నాను.

అయితే జాబితా రాయడానికి కూర్చున్నప్పుడే చిక్కంతా మొదలైంది. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ లెక్క వేరుగా వచ్చింది. మొదటిసారి యాభై లోపే తేలిన రకాలు మూడోసారి నూరు దాటాయి. ఏది రకం, ఏది కాదు అన్న విషయంలో నాకే స్పష్టత లేకపోవడం వల్ల ఇలా జరిగిందని అర్థమైంది. నా సందేహాలు ఇవి.

నా దగ్గర 1959 నాటి నయాపైసా ఒకటి, 1963 నాటిది ఒకటి ఉన్నాయి. రెండింటి మీదా ఉన్న అక్షరాలు, అంకె, సింహాలు అచ్చంగా ఒకటే, కానీ మొదటిది కంచుది, రెండవది ఇత్తడిలాగా పసుపు రంగులో ఉంది. ఇవి ఒక రకమా, రెండు రకాలా? ధాన్యపు కంకులున్న రూపాయి విషయంలోనూ ఇదే ఇబ్బంది ఎదురైంది. 1962 నాటి పెద్ద రూపాయి, 1978 నాటి పెద్ద రూపాయి చూడడానికి కవలల్లా ఉన్నాయి.

స్మారక నాణేలను ఏం చేయాలో కూడా తెలియడం లేదు. నెహ్రూ, గాంధీ, ఇందిరా గాంధీ, అంబేడ్కర్ బొమ్మలున్నవి పెట్టెలో చాలానే ఉన్నాయి. వాటికి తోడు, మా బావగారు ఎంతో అభిమానంతో బహూకరించిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం కూడా ఉంది. తేదీ కింద కనిపించే నక్షత్రం, వజ్రం, చుక్క గుర్తులను బట్టి విడివిడిగా పెట్టాలా? నిజాం కాలపు చార్మినార్ నాణేలు నాలుగు ఉన్నాయి, వాటికి ఈ సెట్‌లో చోటు ఉంటుందా?

అనుభవం ఉన్న పెద్దలు తమ సెట్‌ను ఏ నియమంతో కట్టుకున్నారో చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

కంచుకాణీ సమాధానం

పావలాపెట్టె గారికి నమస్కారం. మీ లెక్క మూడుసార్లు మూడు రకాలుగా రావడంలో మీ పొరపాటు ఏమీ లేదు. టైప్ సెట్‌కు ఎవరో నిర్ణయించి పెట్టిన ఏకైక జాబితా అంటూ లేదు. నాణెంలో ఏ తేడా వస్తే దాన్ని వేరే రకంగా లెక్కించాలన్నది సేకరించేవారే ముందుగా తేల్చుకోవాలి. అందువల్ల నాణేలను ముట్టుకోకముందే ఒక కాగితం మీద మీ నియమాన్ని నాలుగు వాక్యాలలో రాసుకోండి. నియమం రాసుకోకుండా ఏరడం మొదలుపెడితే, నచ్చిన నాణెం కనిపించినప్పుడల్లా దాని కోసం ఒక మినహాయింపు పుడుతుంది, చివరకు ఆల్బమ్ మళ్లీ రేకు పెట్టెగానే మారుతుంది.

నేను పాటించే నియమం చెబుతాను. విలువ, బొమ్మ బొరుసుల మీది చిత్రం, రాత, లోహం, ఆకారం లేక పరిమాణం, ఈ ఐదింటిలో ఏ ఒక్కటి మారినా దాన్ని కొత్త రకంగా తీసుకుంటాను. తేదీ మారినా, టంకశాల గుర్తు మారినా తీసుకోను. అక్షరాల మందంలోనూ, సింహాల జూలు గీతల్లోనూ కనిపించే చిన్న చిన్న అచ్చు తేడాలను అసలు పట్టించుకోను. అవి లోతుగా పరిశోధించేవారికి ప్రాణప్రదమైన విషయాలే, కానీ టైప్ సెట్ చూపించవలసిన కథ వేరు. ప్రభుత్వం ఆలోచించి, నిర్ణయించి చేసిన మార్పు మాత్రమే మన లెక్కలోకి రావాలి.

ఈ నియమాన్ని మీ నయాపైసకు వర్తింపజేద్దాం. 1955లో నాణేల చట్టాన్ని సవరించారు, ఆ సవరణ 1957 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అంతవరకు రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణీలు, అంటే రూపాయికి అరవై నాలుగు కాణీలు. పాత లెక్కలో ఈ కాణీనే పైసా అని కూడా అనేవారు. కొత్త పైసా రూపాయిలో నూరవ వంతు. పేరు ఒకటే అయినా విలువ వేరు కావడంతో జనం తికమక పడకుండా దానికి నయాపైసా అని పేరు పెట్టి, ‘రూపయే కా సౌవా భాగ్’ అని నాణెం మీదనే హిందీలో అచ్చు వేశారు. 1964 జూన్ 1 నుంచి ‘నయా’ అన్న మాటను తీసివేశారు. కాబట్టి 1963 నాటి నాణేనికి, 1964లో ఆ మాట లేకుండా వచ్చిన నాణేనికి మధ్య కంటికి కనిపించే తేడా ఒక్క మాటే అయినా, దాని వెనుక ఒక దేశం కొత్త లెక్కకు అలవాటు పడిన ఏడేళ్ల కాలం ఉంది. ఆ తేడాకు ఆల్బమ్‌లో ఒక అర ఇవ్వకపోతే నా మనసు ఒప్పుకోదు.

ఇక లోహం సంగతి. నయాపైసా మొదట కంచుతో వచ్చింది, 1962 నుంచి నికెల్ ఇత్తడితో వచ్చింది. నా నియమం ప్రకారం ఇవి రెండు రకాలు. లోహాన్ని లెక్కలోకి తీసుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మన చిల్లర నాణేల చరిత్రలో సగం లోహాల చరిత్రే. అరవైలలో లోహాల ధరలు పెరగడంతో కంచు, ఇత్తడి, రాగి నికెల్ కలిసిన కుప్రో-నికెల్ నాణేలు ఒక్కొక్కటిగా అల్యూమినియంలోకి మారాయి. ఆ మార్పు 1964లో ఆరు పలకల మూడు పైసల నాణెంతో మొదలైంది. పది పైసలు ఒక్కటే తీసుకుని చూడండి. పూరేకుల అంచుతో కుప్రో-నికెల్‌లో పుట్టింది, 1968లో పసుపు రంగు నికెల్ ఇత్తడికి మారింది, 1971లో అల్యూమినియం అయింది, 1988లో స్టెయిన్‌లెస్ స్టీల్‌లో చిన్న గుండ్రటి బిళ్లగా వచ్చింది. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆ మూడు దశాబ్దాల కథ తెలిసిపోతుంది. లోహాన్ని పక్కన పెట్టి ఒక్క పది పైసలే ఉంచితే ఆ కథంతా పోతుంది.

మీ రెండు పెద్ద రూపాయలను వేరు చేయడానికి ఒక అయస్కాంతం చాలు. 1962 రూపాయి శుద్ధ నికెల్, అది అయస్కాంతానికి అంటుకుంటుంది. 1978 రూపాయి కుప్రో-నికెల్, అంటే రాగి ఎక్కువగా, నికెల్ తక్కువగా ఉన్న మిశ్రమం, అది కదలనైనా కదలదు. బరువులో కూడా మొదటిది పది గ్రాములు, రెండవది ఎనిమిది గ్రాములు ఉంటుంది. డెబ్బైల నడుమ జరిగిన మార్పు ఇది. ఆ తరువాత 1983లో రూపాయి చిన్నదైంది, 1992లో స్టీలుకు మారింది. ఆపైన నాలుగు తలలు కలిసినట్లుండే గీతల నాణెం, బొటనవేలు పైకెత్తిన నాట్యముద్ర నాణెం, 2011లో రూపాయి చిహ్నంతో వచ్చిన నాణెం, 2019లో ప్రకటించిన ధాన్యపు కంకుల వరుస నాణెం ఉన్నాయి. 1950 నాటి అణాల కాలపు రూపాయిని కూడా కలుపుకుంటే ఒక్క రూపాయికే తొమ్మిది అరలు కావాలి. మీ జాబితా నూరు దాటిందంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, 1950 నాటి అణాల వరుసతోనే మొదలుపెట్టమంటాను. అవి ఏడే నాణేలు, ఏ సందేహమూ లేని జాబితా. కాణీ మీద గుర్రం ఉంటుంది. అర్ధణా, అణా, బేడ (రెండణాలు) మీద ఎద్దు ఉంటుంది. పావలా, అర్ధరూపాయి, రూపాయి మీద ధాన్యపు కంకులు ఉంటాయి. అర్ధణా, బేడ నలుపలకలుగా, అణా పన్నెండు రేకుల పువ్వులా ఉండడం వల్ల చీకటిలోనైనా చేతికి వేరుగా తెలిసేవి. రాజు తల ఉన్న చోట అశోకుని సింహాలు, రూపాయి మీద పులి ఉన్న చోట కంకులు వచ్చిన తొలి వరుస అది. ఆ ఏడూ ఒక పుటలో అమరిన తరువాత మిగతా పని మీద ఉత్సాహం దానంతట అదే వస్తుంది.

అణాబేడ సమాధానం

కంచుకాణీ గారు చెప్పిన ఐదు అంశాల నియమం నాకు చాలావరకు సమ్మతమే. చెలామణి నాణేల విషయంలో నేనూ దానినే పాటిస్తాను. అయితే ఆయన నియమాన్ని ఉన్నది ఉన్నట్లుగా స్మారక నాణేలకు కూడా వర్తింపజేస్తే ఆల్బమ్ దారి తప్పుతుంది. చిత్రం మారితే కొత్త రకం అన్నాం కదా. స్మారక నాణెం పుట్టేదే చిత్రం మారడం కోసం. ఆ లెక్కన ప్రతి స్మారక నాణెమూ ఒక రకమే అవుతుంది, కొన్నేళ్లలో స్మారక నాణేలే సాధారణ నాణేలను మించిపోతాయి. నేను మొదటి ఆల్బమ్‌ను ఈ కారణంగానే సగంలో విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది.

అందుకని స్మారక నాణేలను నేను రెండుగా విడదీశాను. నిజంగా జనం చేతుల్లో తిరిగినవి ఒక వర్గం. 1964లో నెహ్రూ మరణానంతరం వచ్చిన అర్ధరూపాయి, రూపాయి, 1969లో గాంధీ శతజయంతికి వచ్చిన ఇరవై పైసలు, 1975లో అంతర్జాతీయ మహిళా సంవత్సరానికి వచ్చిన పది పైసలు, 1979లో బాలల సంవత్సరానికి వచ్చిన నాణేలు, 1990లో అంబేడ్కర్ శతజయంతి రూపాయి వంటివి ఇందులోకి వస్తాయి. వీటితో మన పెద్దవాళ్లు కూరలు కొన్నారు, బస్సు టిక్కెట్లు తీసుకున్నారు. సేకర్తలకు అమ్మడానికి మాత్రమే టంకశాల తయారు చేసినవి రెండవ వర్గం. మీ బావగారు ఇచ్చిన ఎన్టీఆర్ నాణెం దీనికి చక్కని ఉదాహరణ. ఆయన శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఆవిష్కరించిన ఆ నాణెం మన హైదరాబాద్ టంకశాలలో తయారైంది, దాని లోహంలో సగం వెండి ఉంది. తెలుగువారిగా మనకు అది ఎంత ప్రియమైనదైనా, ఏ అంగడిలోనూ చిల్లరగా మారిన నాణెం కాదు. చెలామణి టైప్ సెట్‌లో దానిని అర్ధరూపాయి పక్కన కూర్చోబెడితే దానికీ గౌరవం కాదు, అర్ధరూపాయికీ న్యాయం జరగదు. అది వచ్చిన పెట్టెలోనే దానిని భద్రంగా విడిగా ఉంచండి.

మొదటి వర్గానికి ఆల్బమ్ చివర ఒక ప్రత్యేక విభాగం ఇవ్వండి. అందులో కూడా అన్నీ పెట్టాలన్న నియమం వద్దు. విలువకు ఒకటి చొప్పున, మీకు అర్థవంతంగా తోచిన నాణేన్ని ఎంచుకోండి. ఇరవై పైసలకు నేను గాంధీ నాణేన్ని ఉంచాను. దాని మీద 1869, 1948 అన్న రెండు సంవత్సరాలే ఉంటాయి, విడుదలైన 1969 ఎక్కడా ఉండదు. చాలామంది దానిని 1948 నాటి నాణెం అనుకుని మురిసిపోతారు. అటువంటి నాణెం కింద ఒక చిన్న చీటీ రాసి పెడితే, చూసేవారికి నాణేన్ని చదవడం ఎలాగో కూడా తెలుస్తుంది. రెండు రూపాయలకు 1982 ఆసియా క్రీడల నాణెం ఉంచాను. స్వతంత్ర భారతంలో రెండు రూపాయల నాణెం పుట్టిందే ఆ సందర్భంలో.

ఇక టంకశాల గుర్తులు. ముంబైకి వజ్రం, హైదరాబాద్‌కు నక్షత్రం, నోయిడాకు చుక్క, కలకత్తాకు ఏ గుర్తూ ఉండదు. కొన్ని సంవత్సరాలలో విదేశీ టంకశాలలకు కూడా పని అప్పగించారు. 1985 రూపాయల్లో కొన్నింటి మీద కనిపించే ఇంగ్లీషు హెచ్ అక్షరం అటువంటిదే. టైప్ సెట్‌కు ఇవేవీ వేర్వేరు రకాలు కావు. కానీ దీనిలో ఒక వెసులుబాటు కూడా ఉంది. గుర్తు ఏదైనా ఒకటే అన్నప్పుడు, ఏ గుర్తు ఉన్న నాణెం ఉంచాలన్నది పూర్తిగా మీ ఇష్టం. నేను దొరికిన చోటల్లా నక్షత్రం గుర్తునే ఏరుకున్నాను. 1903లో నిజాం పాలనలో స్థాపితమై, 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చి, 1997లో చర్లపల్లికి తరలిన టంకశాల అది. ఆల్బమ్ తిరగేస్తున్నప్పుడు పుట పుటకూ ఆ చిన్న నక్షత్రం కనిపిస్తుంటే నాకు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేనిది.

అంచుచూపు సమాధానం

ఏ రకాలను ఉంచాలన్న దాని మీద పెద్దలు ఇద్దరూ చక్కగా చెప్పారు. రకం తేలిన తరువాత, ఆ రకంలో ఏ నాణేన్ని ఉంచాలన్న దాని గురించి నేను చెబుతాను. నా దృష్టిలో సెట్ అందమంతా అక్కడే ఉంది.

టైప్ సెట్ కట్టేవారికి ఉన్న గొప్ప వరం సంవత్సరం ఎంచుకునే స్వేచ్ఛ. ఒక రకం ఇరవై ఏళ్లు వచ్చి ఉంటే, ఆ ఇరవై ఏళ్లలో సులభంగా దొరికే ఏ సంవత్సరమైనా చాలు. అణాల కాలపు రూపాయికి అరుదైన 1954 వెంట పడవలసిన పని లేదు, 1950 నాటిదే సరిపోతుంది. అరుదైన తేదీ కోసం పెట్టే శ్రమను మంచి స్థితిలో ఉన్న మామూలు తేదీ నాణెం మీద పెట్టండి. ఈ స్వేచ్ఛ లేని చోటు ఒకటి మాత్రం ఉంది. ఒకే ఏడాది వచ్చి ఆగిపోయిన రకాలు కొన్ని ఉన్నాయి. ‘నయా’ అన్న మాట పోయిన తరువాత కుప్రో-నికెల్‌లో వచ్చిన రెండు పైసలు 1964 తేదీతో మాత్రమే ఉంటాయి, 1965 నుంచి అది అల్యూమినియం అయిపోయింది. మీ పెట్టెలో రెండు పైసల నాణేలన్నిటినీ ఒక పళ్లెంలో పోసి, ముందుగా 1964 వాటిని ఏరండి. లోహపు రంగు, చేతిలోని బరువు చూస్తే వెంటనే తెలుస్తుంది. అల్యూమినియం రెండు పైసలు అరచేతిలో ఉన్నట్టే ఉండవు.

స్థితి విషయంలో నా సలహా ఏమిటంటే, ఒక్క నాణెం తళతళలాడుతూ పక్కది అరిగిపోయి ఉండడం కన్నా, ఒక పుటలోని నాణేలన్నీ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉండడం మేలు. ఎక్కడ అరుగుదల చూడాలో నాణెం నాణేనికి మారుతుంది. అణాల వరుసలో గుర్రం మెడ, ఎద్దు మూపురం ముందుగా అరుగుతాయి. కంకుల రూపాయిలో గింజల మధ్య గీతలు ఎంత విడివిడిగా కనిపిస్తున్నాయో చూడండి. సింహాల వైపు అయితే నడిమి సింహం ముఖం చూస్తే సరిపోతుంది. కిటికీ పక్కన నిలబడి, నాణేన్ని అంచులతో పట్టుకుని, వెలుగు ఏటవాలుగా పడేలా నెమ్మదిగా తిప్పండి. అరగని నాణెం మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమిన నాణెం మీద అది తిరగదు, ఎటు చూసినా ఒకే తెల్లటి మెరుపు మొద్దుగా ఉంటుంది.

తోమడం అన్నాను కాబట్టి నా అనుభవం ఒకటి చెప్పాలి. చిన్నప్పుడు మా ఇంట్లో ఇత్తడి బిందెలు చింతపండుతో తోమేవారు. అదే చేతితో నేను 1950 నాటి కాణీని, దానితో పాటు మూడు కంచు నయాపైసలను తోమాను. ఆ క్షణంలో కొత్త పెళ్లికూతుళ్లలా మెరిశాయి. నెల తిరిగేసరికి గులాబీ రంగు మచ్చలతో, గుర్రం వెనుక సన్నటి గీతలతో ఎంతో దయనీయంగా తయారయ్యాయి. డెబ్బై ఏళ్లలో కంచు మీద ఏర్పడిన ఆ గోధుమ రంగు పొర నాణేనికి కవచం లాంటిది. ఒకసారి పోయిందంటే మన జీవితకాలంలో తిరిగి రాదు. దయచేసి మీ నాన్నగారి నాణేలను చింతపండు, నిమ్మకాయ, విభూతి వంటి వాటితో ముట్టుకోకండి. మట్టి ఉంటే శుభ్రమైన నీటిలో నానబెట్టి, మెత్తని గుడ్డ మీద రుద్దకుండా ఆరనివ్వండి, అంతే చాలు.

అల్యూమినియం నాణేల పట్ల మరింత జాగ్రత్త కావాలి. అవి మెత్తనివి, ఒకదానికొకటి రాసుకున్నా గీత పడుతుంది. తేమ తగిలితే తెల్లటి పొడిలా పట్టి, లోహంలోకి చిన్న గుంటలు చేస్తుంది. మీ పెట్టెలో ముందుగా విడదీయవలసినవి ఇవే. ఆల్బమ్ కొనేటప్పుడు పి.వి.సి. ప్లాస్టిక్ అరలున్నది మాత్రం తీసుకోకండి. కొన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ నుంచి వచ్చే జిగురు కంచు, కుప్రో-నికెల్ నాణేల మీద ఆకుపచ్చగా పేరుకుంటుంది. వాసన చూస్తే కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే అరలను నేను దగ్గరకు కూడా రానివ్వను.

పావలాపెట్టె మళ్లీ రాసినది

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరం కూర్చుని అయస్కాంతంతో రూపాయలు పరీక్షించాం. 1962 రూపాయి దగ్గరకు అయస్కాంతం తీసుకువెళ్లగానే టక్కున ఎగిరి అంటుకుంది. 1978 రూపాయి బల్ల మీద నుంచి కదలలేదు. ఇన్నేళ్లు అవి రెండూ ఒకటే అనుకున్నాను. మా అమ్మాయి పెట్టెలోని పావలాలన్నిటినీ వరుసగా పరీక్షించి, యాభైలు, అరవైల నాటివి అంటుకుంటున్నాయని, డెబ్బైల నాటివి అంటుకోవడం లేదని, ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు పావలాలు మళ్లీ అంటుకుంటున్నాయని తానే కనిపెట్టింది. తనకు ఇప్పుడు ఈ పని మీద నాకన్నా ఎక్కువ శ్రద్ధ కలిగింది.

రెండు పైసల కుప్పలో 1964 నాటివి రెండు దొరికాయి. ఒకటి బాగా అరిగింది, ఒకటి పరవాలేదు. పరవాలేదన్నదాన్ని ఉంచాను.

నా నియమం ఇలా రాసుకున్నాను. 1950 నుంచి నేటి వరకు భారత ప్రభుత్వం చెలామణి కోసం విడుదల చేసిన సాధారణ నాణేలలో విలువ, చిత్రం, రాత, లోహం, ఆకారం, వీటిలో ఏది మారినా ఒక అర. చేతులు మారిన స్మారక నాణేలు చివరి విభాగంలో, విలువకు ఒకటి చొప్పున. సేకర్తల కోసం చేసినవి సెట్ బయట.

రెండు విషయాలు ఇంకా తేలలేదు. 1950ల అర్ధణా మా పెట్టెలో లేదు, బయట కూడా మంచిది వెంటనే దొరకలేదు. దొరికేదాకా దాని చోట అరిగిపోయిన నాణేన్నైనా ఉంచాలా? నిజాం నాణేల ప్రశ్న కూడా మిగిలే ఉంది. అవి మా తాతగారి చేతి మీదుగా వచ్చినవి కావడం వల్ల సెట్ నుంచి తీసివేయడానికి మనసు రావడం లేదు.

కంచుకాణీ సమాధానం

అర్ధణా అరను ఖాళీగా ఉంచండి. ఆ అరలో ‘అర్ధణా, 1950 వరుస, కుప్రో-నికెల్, నలుపలక’ అని చీటీ రాసి పెట్టండి. అరిగినది పెడితే పని అయిపోయిందన్న భావన కలిగి వెతకడం మానేస్తారు. ఖాళీ అర మాత్రం ఆల్బమ్ తెరిచినప్పుడల్లా అడుగుతూనే ఉంటుంది. నా ఆల్బమ్‌లో ఇరవై పైసల నికెల్ ఇత్తడి తామరపువ్వు నాణెం చోటు నాలుగేళ్లు ఖాళీగా ఉంది. 1968లో వచ్చిన ఆ నాణెం జనానికి అంతగా అలవాటు కాలేదు కాబట్టి పాత చిల్లర కుప్పల్లో తక్కువగా కనిపిస్తుంది. మీ పెట్టెలో ఉంటే దానిని జాగ్రత్త చేయండి.

నిజాం నాణేలు మీ నియమం ప్రకారం ఈ సెట్‌లోకి రావు, విడుదల చేసిన ప్రభుత్వం వేరు. వాటి కోసం నియమాన్ని సడలించకండి. దానికి బదులు వాటికి సొంతంగా ఒక పుట ఇవ్వండి, అది కూడా ఒక చిన్న టైప్ సెట్టే అవుతుంది. భూతద్దం తీసుకుని చార్మినార్ నడిమి ద్వారం లోపల చూడండి, అక్కడ ఉర్దూ లిపిలో ఒక్క అక్షరం ఉంటుంది. అది ‘మీమ్’ అయితే నాణెం ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ‘ఐన్’ అయితే ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. నాలుగింటిలో రెండు అక్షరాలూ కనిపిస్తే మీ పుటలో అప్పటికే రెండు రకాలు ఉన్నట్లు లెక్క. తాతగారి పేరు, ఆ నాణేలు ఆయనకు ఎలా వచ్చాయో మీకు తెలిసినంత వరకు అదే పుటలో రాసి పెట్టండి. ద్వారంలో ఏ అక్షరం ఉందో చూసి ఇక్కడ తెలియజేయండి, హిజ్రీ సంవత్సరం చదవడంలో నేను సాయం చేస్తాను.